బ్లోయర్ గ్రాఫిక్స్ కార్డుకు వేరే కూలర్ బిగించాలా, కార్డే మార్చాలా?

తమ్ముడూ, ముందు నీ పరిస్థితి ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే జవాబంతా ఆ వివరాల మీదే నడుస్తుంది. ఉండేది విజయవాడ. సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీ అనే గ్రాఫిక్స్ కార్డ్ కొన్నావు, అది చిప్ తయారుచేసే ఏఎండీ సొంత డిజైన్‌లో వచ్చిన ఒక్క ఫ్యాన్ బ్లోయర్ మోడల్, అంటే వేడి గాలిని క్యాబినెట్ వెనకనుంచి బయటికి తోసే రకం. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే చిప్ వేడి చూపే రెండు రీడింగుల్లో ఎడ్జ్ టెంపరేచర్ 88 డిగ్రీలు, జంక్షన్ 108, ఫ్యాన్ 2600 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), పక్క గదిలో పడుకున్నవాళ్లు లేచి వచ్చేంత చప్పుడు. క్యాబినెట్ ముందు భాగం మొత్తం గ్లాస్, ముందు ఒక ఫ్యాన్, వెనక ఒక ఫ్యాన్. నీకు మూడు సలహాలు వచ్చాయి: ఆర్కిటిక్, రైజిన్‌టెక్ లాంటి కంపెనీల కూలర్ తెప్పించి బిగించుకోమని ఒకరు, ఈ కార్డ్ అమ్మేసి అదే చిప్ ఉన్న మూడు ఫ్యాన్ల కార్డ్ కొనుక్కోమని ఇంకొకరు, పై కవర్ పీకేసి రెండు 120 ఎంఎం ఫ్యాన్లు జిప్ టైలతో కట్టేయమని నీ ఫ్రెండ్.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ మూడిట్లో ఏదీ ఇవాళ చేయొద్దు. ముందు వోల్టేజ్ తగ్గించు, కార్డ్ విప్పి శుభ్రం చేసి, చిప్ నుంచి కూలర్‌కి వేడి దాటించే పేస్ట్ మార్చు, క్యాబినెట్‌లోకి గాలి వచ్చే దారి చూడు. ఇవన్నీ అయ్యాక కూడా చప్పుడు భరించలేకపోతే రెండో దారి పట్టు. మొదటిది చాలా తక్కువమందికే గిట్టుబాటవుతుంది. మూడోది నీ కార్డుకు పనిచేయదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపికగా చదువు.

కంపెనీ కూలర్ (చిప్ కంపెనీ కార్డుతో పాటు ఇచ్చేది) చెత్త, బయటి కూలర్ మంచిది అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. అది ఒకప్పటి అనుభవం నుంచి వచ్చిన మాట, ఆ అనుభవం నిజమే. 2013 అక్టోబర్‌లో ఏఎండీ ఆర్9 290ఎక్స్ వచ్చింది. చిప్ అప్పట్లో చాలా బలమైనది, కానీ దాని మీద పెట్టిన బ్లోయర్ ఆ వేడిని మోయలేకపోయింది. చిప్‌ని 95 డిగ్రీల దగ్గర నడిచేలా వాళ్లే సెట్ చేశారు, మామూలు మోడ్‌లో ఫ్యాన్ 40 శాతం దాటకుండా కట్టేశారు, చప్పుడైనా ఫర్వాలేదనుకునేవాళ్లకి 55 శాతం దాకా వెళ్లే ఇంకో మోడ్ ఇచ్చారు. ఫలితం ఏమిటంటే ఫ్యాన్ తన పరిమితికి చేరగానే 95 దాటకుండా క్లాక్ (చిప్ పనిచేసే వేగం) కిందికి దిగిపోయేది. అంటే డబ్బు పెట్టిన పనితీరులో కొంత కూలర్ దగ్గరే పోయేది. తర్వాత సఫైర్, ఆసుస్ లాంటివాళ్లు అదే చిప్ మీద వేడిని పీల్చే పెద్ద హీట్‌సింక్, రెండు మూడు ఫ్యాన్లు పెట్టి తెచ్చిన కార్డులు చల్లగా, నిశ్శబ్దంగా, పూర్తి క్లాక్‌తో నడిచాయి. బ్లోయర్‌కి చెడ్డపేరు స్థిరపడటంలో ఆ కార్డ్ పాత్ర చాలా ఉంది.

కానీ ఆ తర్వాత పదేళ్లలో చాలా మారింది. ఎన్విడియా 2016లో జీటీఎక్స్ 1080కి ఫౌండర్స్ ఎడిషన్ అని పేరు పెట్టి తన సొంత బ్లోయర్ కార్డునే 699 డాలర్లకు అమ్మింది, బ్రాండ్ల కార్డులకు చెప్పిన ప్రారంభ ధర 599 అయినా సరే. 2018లో ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌కి వచ్చేసరికి వాళ్లే బ్లోయర్ వదిలేసి రెండు ఫ్యాన్ల కూలర్‌కి మారారు. 2020లో ఆర్‌టీఎక్స్ 3080 ఫౌండర్స్ ఎడిషన్‌లో ఒక ఫ్యాన్ గాలి కార్డ్ గుండా అవతలికి దూసుకుపోయేలా డిజైన్ చేశారు. 2025లో వచ్చిన 5090 ఫౌండర్స్ ఎడిషన్ అయితే 575 వాట్ల కార్డుని రెండే స్లాట్ల మందంలో చల్లబరుస్తోంది. అదే చిప్‌కి బ్రాండ్లు తెచ్చిన కార్డులు చాలావరకు దానికంటే ఎంతో మందంగా, బరువుగా ఉంటాయి. కాబట్టి ఇవాళ కంపెనీ కూలర్ అనగానే చెడ్డది అనుకోవడం తప్పు.

అలాగని కంపెనీ కూలర్ అనగానే నమ్మేయడానికీ లేదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ రిఫరెన్స్ కార్డులు (ఏఎండీ సొంత డిజైన్‌వి) కొన్ని, చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోట, 110 డిగ్రీల హాట్‌స్పాట్‌కి వెళ్లి క్లాక్ పడేసుకున్నాయి. వేడిని పరిచే పలకలాంటి వేపర్ చాంబర్‌లో ఉండాల్సినంత నీళ్లు లేని బ్యాచ్ ఒకటి బయటికి వచ్చిందని ఏఎండీయే ఒప్పుకుని వాటిని మార్చి ఇచ్చింది. బ్రాండ్ కూలర్లకీ ఇలాంటి కథలున్నాయి. నీ 5700 సిరీస్‌లోనే ఆసుస్ ఆర్‌ఓజీ స్ట్రిక్స్ కార్డులు అనుకున్నదానికంటే వేడెక్కుతుంటే, చిప్ మీద కూలర్‌ని నొక్కిపట్టే స్క్రూల బిగింపు చాలలేదని తేలింది. 30 నుంచి 40 పీఎస్ఐ ఉండే ఒత్తిడిని 50 నుంచి 60కి పెంచి 2020 జనవరి నుంచి కొత్త స్క్రూలతో పంపుతామని, పాతవి కొన్నవాళ్లకి సర్వీస్ సెంటర్‌లో మార్చిస్తామని కంపెనీ ప్రకటించింది. అంత పెద్ద హీట్‌సింక్, మూడు ఫ్యాన్లు ఉండి కూడా నాలుగు స్క్రూల దగ్గర పని పాడైంది. కూలర్ ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి, చిప్‌కి అది ఎలా ఆనుకుని ఉంది, దాని మీదికి వచ్చే గాలి ఎంత చల్లగా ఉంది అన్నవే నేను ముందు చూస్తాను.

ఇప్పుడు నీ బ్లోయర్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. కార్డ్ చివర ఉన్న చక్రంలాంటి ఫ్యాన్ క్యాబినెట్‌లోని గాలిని లాగి, మూసి ఉన్న గొట్టంలాంటి దారిలో హీట్‌సింక్ ఫిన్ల మధ్యనుంచి నెట్టి, మానిటర్ కేబుల్ పెట్టే వైపు నుంచి బయటికి తోసేస్తుంది. మూడు ఫ్యాన్ల కార్డ్ పద్ధతి వేరు. అది గాలిని హీట్‌సింక్ మీదికి కొడుతుంది, వేడెక్కిన గాలి నాలుగు పక్కలా క్యాబినెట్‌లోనే పరుచుకుంటుంది. ఇంట్లో పోల్చి చెప్పాలంటే బ్లోయర్ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్, మూడు ఫ్యాన్ల కార్డ్ సీలింగ్ ఫ్యాన్. సీలింగ్ ఫ్యాన్ కింద హాయిగానే ఉంటుంది, కానీ కిటికీలన్నీ మూసి పొయ్యి వెలిగిస్తే అది తిప్పేది ఆ వేడి గాలినే.

అందుకే పక్కపక్కనే నాలుగు కార్డులు పెట్టే వర్క్‌స్టేషన్లలో, సర్వర్లలో, గాలి ఆడని చిన్న డబ్బాల్లో ఇప్పటికీ బ్లోయరే వాడతారు. అక్కడ దానికి సాటి లేదు. దాని లోపం ఒక్కటే, చిన్న చక్రం కాబట్టి సరిపడా గాలి నెట్టాలంటే చాలా వేగంగా తిరగాలి, వేగం పెరిగితే చప్పుడు విపరీతంగా పెరుగుతుంది. ఒకే ఫ్యాన్ వేగం రెండింతలైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుందని లెక్క. ఇదే లెక్కని నీకు పనికొచ్చేలా తిప్పి చూస్తే, 2600 నుంచి 1800 ఆర్‌పీఎంకి దించగలిగితే 8 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు. మన లక్ష్యం ఆ 1800. నీకు ఇప్పుడు కావాల్సింది టెంపరేచర్ అంకె తగ్గడం కాదు, అదే టెంపరేచర్‌లో ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం.

ఎందుకంటే 108 అనే అంకె చూసి నీకు టెన్షన్ వచ్చినట్టుంది. ఈ కార్డుకి జంక్షన్ పరిమితి 110. ఎడ్జ్ అనేది పాతకాలం నుంచి చూపిస్తున్న ఒకే సెన్సర్ రీడింగ్, జంక్షన్ అనేది చిప్‌లో అక్కడక్కడ ఉన్న చాలా సెన్సర్లలో అన్నిటికంటే వేడిగా ఉన్నదాని రీడింగ్. మామూలుగా గేమ్ ఆడేటప్పుడు 110 దాకా రావడం తమ డిజైన్ పరిధిలోనే ఉందని 2019లోనే ఏఎండీ చెప్పింది. కాబట్టి రేపే కాలిపోతుందని భయపడకు. అలాగని 108 దగ్గర వదిలేయమనీ అనను, ఇంకో రెండు డిగ్రీలు పెరిగితే క్లాక్ పడిపోతుంది, మే నెలలో ఆ రెండు డిగ్రీలు ఎంతసేపు. ఈ రెండు రీడింగుల మధ్య తేడా కూడా గమనించు. ఈ కార్డులో 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. నీది సరిగ్గా 20, అంటే అంచున ఉంది. అదే 30 దగ్గరికి వస్తే చిప్‌కీ కూలర్‌కీ మధ్య పేస్ట్ ఎండిపోయిందనో, కూలర్ ఒక పక్కకి ఒరిగి బిగిసిందనో నేను అనుమానిస్తాను.

గది వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, మనవాళ్లు దీన్ని అస్సలు లెక్కలోకి తీసుకోరు. యూట్యూబ్‌లో, వెబ్‌సైట్లలో చూసే టెస్టులు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. ఎండాకాలం విజయవాడలో ఏసీ లేని గది మధ్యాహ్నం 36 దాటుతుంది. ఫ్యాన్ వేగం, వాట్లు అవే ఉంటే గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. అక్కడ 72 చూపించిన కార్డ్ నీ గదిలో 84 చూపిస్తే కార్డ్ తప్పేమీ లేదు. అందుకే ఎవరైనా నా కార్డ్ 70 దాటదు అని స్క్రీన్‌షాట్ పెడితే నాలుగు విషయాలు అడుగు: గది ఎంత, ఫ్యాన్ ఎంత, వాట్లు ఎంత, ఎంతసేపు ఆడాక తీశారు. ఇవి లేకుండా రెండు కూలర్లను పోల్చడం కుదరదు. ఇంకో అపోహ కూడా ఉంది, మంచి కూలర్ వేస్తే గది చల్లగా ఉంటుందని. ఉండదు. కార్డ్ 225 వాట్లు తాగితే ఆ 225 వాట్లూ వేడిగా గదిలోకే వస్తాయి, ఏ కూలరైనా సరే. గదిలో వేడి తగ్గాలంటే తాగే వాట్లే తగ్గాలి.

అందుకే మొదటి పని వోల్టేజ్. చిప్ తాగే కరెంటులో పెద్ద వంతు వోల్టేజ్ వర్గంతో (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదానితో) పాటు పెరుగుతుంది, అందువల్ల వోల్టేజ్‌లో చిన్న కోత వాట్లలో పెద్ద కోత అవుతుంది. నీ కార్డ్ ఫ్యాక్టరీ నుంచి 1200 మిల్లీవోల్ట్ల దాకా వెళ్లేలా వస్తుంది. ప్రతి చిప్ ఒకేలా ఉండదు కాబట్టి బలహీనమైన చిప్‌ కూడా పాసవ్వాలని కంపెనీ ఎక్కువే పెడుతుంది. దాన్ని 1080కి దించితే 1200తో పోలిస్తే 90 శాతం, దాని వర్గం 81 శాతం, అంటే అదే క్లాక్ దగ్గర చిప్ వేడిలో దాదాపు అయిదో వంతు పోయినట్టే. ఏ కూలరూ కొనకుండా వచ్చే లాభం ఇది. ఏఎండీ అడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో ట్యూనింగ్, అక్కడ కస్టమ్ ఎంచుకుంటే వోల్టేజ్ గ్రాఫ్ వస్తుంది. ముందు మ్యాక్స్ క్లాక్ 1900 దగ్గర పెట్టు, తర్వాత వోల్టేజ్ 25 చొప్పున దించుతూ ప్రతిసారీ నువ్వు ఆడే గేమ్‌లో బరువైన చోట అరగంట ఆడి చూడు. గేమ్ మూసుకుపోయినా, స్క్రీన్ నల్లబడినా 25 పైకి వెళ్లి అక్కడే ఆపు. కంగారు పడాల్సిందేమీ లేదు, రీస్టార్ట్ చేస్తే చాలు. తక్కువ వోల్టేజ్ వల్ల కార్డ్ పాడవదు. ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి కనిపించే ఫ్రేముల్లో) పోయేది ఆడేటప్పుడు తెలియనంత తక్కువ.

నీ మానిటర్ 75 హెర్ట్జ్ అన్నావు కదా, ఫ్రేమ్ రేట్ కూడా 75కి కట్టెయ్. 140 ఫ్రేములు తయారు చేసి అందులో సగం పారేయడానికి కార్డుని ఉడికించడం ఎందుకు? చిన్న గేమ్‌లకైతే ఈ ఒక్క సెట్టింగే ఫ్యాన్ నోరు మూయిస్తుంది.

రెండో పని విప్పడం. వారంటీ గొడవ నీకు లేదు, 2019లో వచ్చిన మోడల్ కాబట్టి దాదాపు ఖాయంగా అయిపోయి ఉంటుంది. ఇది చదువుతున్న మిగతావాళ్లు మాత్రం స్క్రూ మీద స్టిక్కర్ ఉందేమో చూసుకుని, విప్పితే వారంటీ ఉంటుందా పోతుందా అని సర్వీస్ సెంటర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకుని మొదలుపెట్టండి. బ్రాండ్‌ని బట్టి, దేశాన్ని బట్టి రూల్ మారిపోతుంది.

సెకండ్ హ్యాండ్ బ్లోయర్‌లో అందరూ మిస్సయ్యేది దుమ్ము. అమ్మేవాళ్లు పైపైన బ్రష్ కొట్టి, తుడిచి, తళతళలాడేలా ఇస్తారు. అసలు దుమ్ము బయటికి కనపడదు, ఫ్యాన్ చక్రం నుంచి గాలి ఫిన్లలోకి దూరే అంచు దగ్గర కవర్ లోపల మందంగా దుప్పటిలా పేరుకుంటుంది. కవర్ తీసి చూస్తేగానీ తెలియదు. మన ఊళ్ల దుమ్ముకి, అయిదారేళ్ల వాడకానికి అది ఉండే ఉంటుందని నా అంచనా. గాలి కొట్టి ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో, పిచ్చి వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

విప్పే ముందు అయిదు నిమిషాలు గేమ్ నడిపి, షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పు, అంటుకుపోయిన పేస్ట్ మెత్తబడి ఉంటుంది. చిప్ వెనక నాలుగు స్ప్రింగ్ స్క్రూలు, చుట్టూ చిన్న స్క్రూలు, ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసుకుంటూ పో. కూలర్‌ని ఒక్కసారిగా లాగకు, లోపల ఫ్యాన్ వైరు బోర్డుకి తగిలించి ఉంటుంది. చిప్ మీద పేస్ట్‌కి బదులు పల్చటి నల్లటి గ్రాఫైట్ ప్యాడ్ కనిపిస్తే ఆశ్చర్యపోకు, అది ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు, చిరుగుతుంది. దాని ముక్కలు కరెంటు పాస్ చేస్తాయి కాబట్టి చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద ఒక్క పొట్టు కూడా మిగలకుండా తుడువు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడు, మొబైల్ రిపేర్ షాపుల్లో దొరుకుతుంది.

పేస్ట్ విషయంలో ఒక మాట. గ్రాఫిక్స్ చిప్ మీద ప్రాసెసర్‌కి ఉన్నట్టు లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా కూలర్‌కి తగులుతుంది. అందువల్ల ఒక మూలకి పేస్ట్ అందకపోయినా ఆ మూల హాట్‌స్పాట్ అవుతుంది. ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పెట్టి వదిలేసినట్టు ఇక్కడ చేయకు, చిప్ మొత్తం పల్చగా పరిచి కప్పు. బాగా జారుగా ఉండే పేస్ట్ కొన్ని నెలలకే వేడికీ చల్లదనానికీ వ్యాకోచించి సంకోచించి పక్కలకి కారిపోతుంది, మధ్యలో పొడిగా మిగులుతుంది. ఇలాంటి వేడి చిప్‌లకి నేను ఈమధ్య హనీవెల్ పీటీఎం 7950 షీట్‌ని పేస్ట్‌కి బదులు వాడుతున్నాను. మామూలు వేడిలో గట్టిగా ఉండి, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకుంటుంది, కారిపోవడం చాలా తక్కువ. నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన చోటే కొను. ప్లాస్టిక్ పొర రావడం లేదంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయి. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం వెళ్లకు, అది బోర్డు మీద పడితే షార్ట్, అల్యూమినియానికి తగిలితే తినేస్తుంది.

మెమరీ లాంటి భాగాల వేడిని కూలర్‌కి దాటించే థర్మల్ ప్యాడ్లు బాగుంటే కదపకు. చిరిగితే మాత్రం పాతదాని మందం కొలిచి అదే మందం వెయ్యి. 1 ఎంఎం ఉండాల్సిన చోట 1.5 వేస్తే మెమరీ మీద కూలర్ ఎత్తుగా ఆగిపోయి చిప్‌కి సరిగా ఆనదు, అప్పుడు ఎంత ఖరీదైన పేస్ట్ పెట్టినా దండగే. నా దగ్గరికి వచ్చే విప్పి పాడైన కార్డుల్లో ఎక్కువ ఈ కారణంతోనే వస్తాయి. బిగించేటప్పుడు నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించు. ఒక మూల మొత్తం బిగించేస్తే అంచు పగలొచ్చు.

మూడో పని క్యాబినెట్. గ్లాస్ ముందు ఉన్న డబ్బాలు చూడ్డానికి బాగుంటాయి కానీ గాలికి పక్కన సన్నటి సందే మిగులుతుంది. ఒక చిన్న టెస్ట్ చెయ్యి, ముందు గ్లాస్ తీసేసి అదే గేమ్, అదే సెట్టింగ్, అరగంట ఆడు. 5 డిగ్రీలకు మించి తగ్గితే నీ సమస్యలో ఒక భాగం గాలి దారే. మూడు ఫ్యాన్ల కార్డ్ ఉన్నవాళ్లకి ఈ టెస్ట్‌లో తేడా ఇంకా పెద్దగా కనిపిస్తుంది. కూకట్‌పల్లిలో ఒకబ్బాయి నీలాంటి డబ్బాలోనే బ్లోయర్ తీసి మూడు ఫ్యాన్ల కార్డ్ పెట్టాడు, కార్డ్ చల్లబడింది కానీ ఆ వేడంతా లోపలే తిరిగి ప్రాసెసర్ పెరిగిపోయింది, చివరికి ముందు జాలీ ఉన్న క్యాబినెట్ కొనాల్సి వచ్చింది. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకో.

ఇక విడిగా కొనే కూలర్ల సంగతి. వాటి మీద నాకు చాలా ఇష్టం ఉంది, అది దాచను. ఆర్కిటిక్ యాక్సెలెరో ఎక్స్‌ట్రీమ్‌లో మూడు 92 ఎంఎం ఫ్యాన్లు, రైజిన్‌టెక్ మార్ఫియస్‌లో పన్నెండు హీట్ పైపులు, దాని మీద నీకు నచ్చిన రెండు 120 ఎంఎం ఫ్యాన్లు. బరువైన కార్డుని చెవి ఆనిస్తే తప్ప వినపడనంత నెమ్మదిగా నడిపించిన సరుకు అది. పాత 290ఎక్స్‌ మీద ఇలాంటిది వేస్తే కొత్త కార్డ్ కొన్నట్టుండేది. 2013లో ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ క్రాకెన్ జీ10 అనే బ్రాకెట్ తెచ్చాక ప్రాసెసర్ వాటర్ కూలర్‌ని కూడా గ్రాఫిక్స్ కార్డ్ మీద బిగించుకున్నారు.

కానీ అవి చిప్‌ని చల్లబరుస్తాయి, మిగతా బోర్డుని నీకే వదిలేస్తాయి. నీ స్టాక్ కూలర్ కింద ఒక పెద్ద అల్యూమినియం ప్లేట్ ఉంటుంది. మెమరీ చిప్‌లు, కరెంటు మార్చే వీఆర్‌ఎం భాగాలు ప్యాడ్ల ద్వారా దానికే ఆనుకుని ఉంటాయి, బ్లోయర్ గాలి దాని మీదనుంచే పోతుంది. దాన్ని పీకేస్తే వీటన్నిటికీ చిన్న చిన్న హీట్‌సింక్‌లు ఒక్కొక్కటిగా అతికించాలి. యాక్సెలెరో ఎక్స్‌ట్రీమ్ 3తో వచ్చే థర్మల్ జిగురు ఒకసారి ఆరితే మళ్లీ ఊడదు, అంటే కార్డుని పాత రూపంలో అమ్మే దారి మూసుకుపోతుంది. మామూలు ప్యాడ్‌తో అతికిస్తే వేడికి జారి కింద పడొచ్చు. కొన్ని కార్డుల్లో ఆ ప్లేట్ విడిగా ఉండి దాన్ని ఉంచుకోవచ్చు, అలాంటివైతే పని సగం సులువు. చిప్ 65 డిగ్రీలు చూపిస్తుంటే సంబరపడిపోయి, పక్కన వీఆర్‌ఎం కాలుతున్న సంగతి చూడనివాళ్లు ఉన్నారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ, వీఆర్‌ఎం రీడింగులు కనిపిస్తాయి, అవి తప్పకుండా చూడాలి. మెమరీ 90 దాటితే నేను ఆపేసి మళ్లీ విప్పుతాను.

దానికితోడు చిప్ చుట్టూ ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరం కార్డుని బట్టి మారుతుంది, పాత కూలర్ నీ కార్డుకి సరిపోతుందని గ్యారంటీ లేదు. ఫ్యాన్లతో కలిపితే మూడు స్లాట్ల మందం దాటిపోతుంది. ఈ కూలర్లు మన దగ్గర కొత్తవి దొరకడం కష్టం, బయటినుంచి తెప్పిస్తే షిప్పింగ్, డ్యూటీ కలిపి కార్డ్ విలువలో పెద్ద వంతు కూలర్‌కే పోతుంది. కార్డుకి కూలర్ మాత్రమే పాడై, అది నీకు చాలా అవసరమైన కార్డ్ అయి, స్పేర్ దొరకనప్పుడు వీటికి నేను ఓటేస్తాను. లేదా ఇలాంటి పని చేయడమే నీకు సరదా అయితే. నీకు కావాల్సింది ప్రశాంతంగా గేమ్ ఆడుకోవడం అన్నావు కాబట్టి నీకు చెప్పను.

నీ ఫ్రెండ్ చెప్పిన జిప్ టై పద్ధతి మంచిదే, మూడు ఫ్యాన్ల కార్డులకి. వాటి హీట్‌సింక్ ఫిన్లు పైకి తెరిచి ఉంటాయి, ప్లాస్టిక్ కవర్ తీసి రెండు మంచి 120 ఎంఎం ఫ్యాన్లు కడితే చప్పుడు బాగా తగ్గుతుంది. ఈ ఆలోచననే 2021లో ఆసుస్, ఫ్యాన్ల కంపెనీ నాక్చువా కలిసి ఆర్‌టీఎక్స్ 3070 మీద ఫ్యాక్టరీలోనే చేసి మార్కెట్లోకి తెచ్చాయి. బ్లోయర్ హీట్‌సింక్ అలా ఉండదు. ఫిన్లు కార్డ్ పొడవునా దగ్గరదగ్గరగా పడుకుని ఉంటాయి, వాటి పైఅంచులు మడిచి మూసేసి ఉంటాయి, గాలి ఒక చివర దూరి ఇంకో చివర రావాలి. పైనుంచి ఫ్యాన్ కడితే గాలి ఆ మూతకి కొట్టుకుని పక్కకి పోతుంది. కవర్ తీయడం వల్ల ఉన్న గొట్టం కూడా పోయి ఇప్పటికంటే వేడెక్కుతుంది. దయచేసి ప్రయత్నించకు.

ఇవన్నీ చేశాక నాకున్న అంచనా ఏమిటంటే, గది 34, 35 ఉన్నప్పుడు కూడా నీ ఫ్యాన్‌ని 1800 నుంచి 2000 మధ్య పట్టి, జంక్షన్ 100 లోపు ఉంచగలగాలి. అప్పటికీ చప్పుడు చిరాకు పెడితే కార్డ్ మార్చు. శుభ్రం చేసి, పేస్ట్ మార్చి, రీడింగుల స్క్రీన్‌షాట్‌తో అమ్మితే ఇప్పుడు అమ్మినదానికంటే మంచి ధరే వస్తుంది. చిన్న డబ్బాల్లో పీసీ కట్టేవాళ్లు బ్లోయర్ కోసం వెతుకుతుంటారు, వాళ్లకి అమ్ము.

కొనేటప్పుడు ఫ్యాన్లు లెక్కపెట్టి మోసపోకు. కార్డుని పక్కనుంచి చూడు, ప్లాస్టిక్ కవర్ వెనక హీట్‌సింక్ నిజంగా ఆ చివరి దాకా ఉందా, సగంలో ఆగిపోయిందా. చేతిలో పట్టుకుని బరువు చూడు. మెమరీ, వీఆర్‌ఎం మీద ప్యాడ్లు హీట్‌సింక్‌కి ఆనుతున్నాయో లేదో టార్చ్ వేసి పక్కనుంచి చూస్తే చాలావరకు తెలుస్తుంది. స్క్రూ తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం, అది తప్పేమీ కాదు కానీ ఎందుకు విప్పారో అడుగు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట కొంటే షాపులోనే కనీసం ఇరవై నిమిషాలు లోడ్ పెట్టి చూపించమను. కార్డ్ పెట్టిన వెంటనే వచ్చే అంకె చూడొద్దు, హీట్‌సింక్ పూర్తిగా వేడెక్కాక ఆగిన అంకె చూడు. ఎడ్జ్, జంక్షన్ తేడా చూడు, ఫ్యాన్లన్నీ ఒకే వేగంతో తిరుగుతున్నాయా, ఏదైనా ఫ్యాన్ కటకటమంటోందా విను. షాపులో ఏసీ ఉంటే మీ గదికి ఎన్ని డిగ్రీలు తేడానో అంత కలిపి లెక్కేసుకో. ఇరవై నిమిషాలు నడపడానికి ఒప్పుకోని చోట కొనకు.

వోల్టేజ్ పని ఈ రాత్రికే మొదలుపెట్టు, దానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ముందు, తర్వాత తీసిన రీడింగులు రెండూ పెట్టు: గది, ఎడ్జ్, జంక్షన్, మెమరీ, ఫ్యాన్ ఆర్‌పీఎం, వాట్లు, అన్నీ అరగంట ఆడాకవే. అవి చూసి పేస్ట్ పని ఎంత అర్జెంటో చెప్తాను.